ఎవరు పోయారండీ?

మొన్న శనివారం పొద్దున్న ఆరున్నరకి మా పక్కింటి పిన్నిగారు ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని, తలైనా దువ్వుకోకుండా వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

“ఏమ్మా, రాత్రే ఓ కేక వెయ్యకూడదూ? ఎన్నింటికి జరిగింది?” అన్నారు గొంతు తగ్గించి.

నాకేమీ అర్థం కాలేదు. అట్లకాడ చేత్తో పట్టుకుని అలాగే చూస్తున్నాను. “పొయ్యి వెలిగించి ఉండరు కదా అని కాఫీ తెచ్చాను. పిల్లలకి కబురు చేశారా?” అంటూ ఆవిడ నా భుజం మీంచి లోపలి గదిలోకి చూశారు. చూసి, నోట మాట రాక ఆగిపోయారు. ఆ గదిలో మా అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని, శుభ్రంగా బొటనవేలితో తాళం వేసుకుంటూ ఘంటసాల భగవద్గీత వింటున్నారు.

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. చెవులు మాత్రం పాము చెవులు. “కాఫీ వేడిగా ఉందా? అయితే ఇలా తే. పోయిందెవరో తరవాత తీరిగ్గా కనుక్కుందాం” అన్నారు.

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ సాయంత్రం ఈ సంగతి విన్న మావారు నవ్వలేదు. “అందుకే వద్దన్నాను. మంచాన ఉన్న మనిషి దగ్గర ఆ రికార్డేమిటి? రేపటినుంచి సుప్రభాతం పెట్టు” అన్నారు. ఆయన నాస్తికుడు కాదు. శనివారం శనివారం మా కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లెక్కి వచ్చే మనిషి. గీత మీద కోపం లేదు. భయం, అంతే. తల్లి కాలు జారి పడి, తుంటి ఎముక విరిగి మూడునెలలైంది. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేను.

అయినా ఒక రికార్డుకి ఇంత చెడ్డపేరు ఎలా వచ్చింది? అది నిజంగా ఆ పేరుకి తగినదేనా? ఈ వారమంతా వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ నేను ఆలోచించింది ఇదే. మీలోనూ చాలామంది ఇళ్ళల్లో ఆ క్యాసెట్టు ఏ అటకమీదో ఉండే ఉంటుంది. పారెయ్యడానికి చేతులు రావు, పెట్టుకోడానికి ధైర్యం చాలదు. అవునా, కాదా?

ముందు ఆ రికార్డు పుట్టుక చెప్పుకుందాం. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకి వెళ్ళారు. ఆ తరవాత మద్రాసు చేరి, పాతికేళ్ళపాటు తెలుగు సినిమాలో నాయకుడు పాడితే ఆ గొంతు ఆయనదే అన్నంతగా పాడారు. 1951లో ‘పాతాళభైరవి’కి సంగీతం కూర్చిందీ ఆయనే, 1963లో ‘లవకుశ’కి కూర్చిందీ ఆయనే. 1970లో పద్మశ్రీ వచ్చింది. అటువంటి మనిషికి 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి ఉంది. ఆసుపత్రి మంచం మీద ఉండగానే గీత పాడాలనే కోరిక కలిగిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. పాడారు. అది హెచ్.ఎం.వి. ఎల్.పి.గా బజారులోకి వచ్చేటప్పటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు.

చూశారా, చిక్కంతా ఇక్కడే మొదలైందని నా అనుమానం. ఆ రికార్డుని తెలుగువాళ్ళు మొట్టమొదట విన్నదే కన్నుమూసిన మనిషి గొంతుగా. బతికుండగా ఒక కచేరీలో పాడి, జనం చప్పట్లు కొట్టి, అందులో ఏదో బాగాలేదని పత్రికలు రాసి, అలా వచ్చి ఉంటే దాని జాతకం వేరుగా ఉండేదేమో. మనం దాన్ని వింటూ ఆయన్ని తలుచుకుని ఏడ్చాం. ఏడుపుతో మొదలైన చుట్టరికం ఏడుపుతోనే స్థిరపడిపోయింది.

ఇంకో రికార్డుని పక్కన పెట్టి చూడండి. 1963లో అదే హెచ్.ఎం.వి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం వేసింది. అదీ సంస్కృతమే. అదీ దేవుడి మాటే. దానికి తెల్లవారుజాము దక్కింది. దీనికి శ్మశానం దారి దక్కింది. ఒకటి వినిపిస్తే కళ్ళాపి చల్లడానికి లేస్తాం, రెండోది వినిపిస్తే వీధి తలుపు తీసి ఎవరింట్లోనా అని చూస్తాం. నిజానికి సుప్రభాతం నిద్రపోతున్న స్వామిని లేపేది. గీత చతికిలబడిన మనిషిని లేపేది. ఏది పొద్దున్న వినాలో మీరే చెప్పండి!

ఈ రికార్డు మీద ఉన్న నేరాలు మూడు. ఒకటి పండితులది, రెండోది సినిమా అభిమానులది, మూడోది పైన చెప్పిన మావారిది.

పండితులు ఏమంటారంటే, గీత 700 శ్లోకాలు, పద్ధెనిమిది అధ్యాయాలు. ఈయన నూటచిల్లర శ్లోకాలు ఏరుకుని పాడితే అది గీత ఎలా అవుతుంది? పైగా పారాయణ చెయ్యవలసినదానికి రాగాలు కట్టడమేమిటి? ఇందులో మొదటి సగం నేను ఒప్పుకుంటాను. నాకూ ఒక ఫిర్యాదు ఉంది. మొదటి అధ్యాయంలో నలభై ఏడు శ్లోకాలుంటే రికార్డులో కాసిని మాత్రమే ఉన్నాయి. అర్జునుడి బాధ ఇట్టే తేలిపోయింది. తాతనీ, గురువునీ, మేనమామల్నీ, అన్నదమ్ముల్నీ ఎదురుగా చూసి, వీళ్ళని చంపి నేనేం బావుకుంటానని వణికిపోయిన మనిషి కదా అతను! ఆ వణుకు కాస్త ఎక్కువసేపు వినిపించి ఉంటే తరవాత వచ్చే జవాబుకి బరువు పెరిగేది. ఇళ్ళల్లో ఆస్తి తగాదాలు చూసిన మన ఆడవాళ్ళకి జవాబుకన్నా ముందు ఆ ప్రశ్నే బాగా తెలుసు. రెండో అధ్యాయం దగ్గర ఆయన చెయ్యి ధారాళమైంది. చావు పుట్టుకల మాటలన్నీ అక్కడే ఉన్నాయి. మొదటే అవన్నీ గుదిగుచ్చినట్టు వచ్చేసరికి, పైపైన వినేవాడికి ఇది చావు గురించిన పాట అనిపించడంలో వింత లేదు. ఎంపికలో ఆ లోటు ఉంది. తరవాతి రోజుల్లో ఎల్.వి. గంగాధరశాస్త్రిగారు 700 శ్లోకాలూ పాడి రికార్డు చేశారు. పూర్తిగా కావాలనుకున్నవాళ్ళకి ఇప్పుడా కొరత లేదు.

కానీ రెండో సగం, రాగాలు కట్టకూడదన్న మాట, నాకు ఎక్కదు. మా అత్తగారు మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మా మామగారు బడిపంతులు. ఆయన గీత పుస్తకం పట్టుబట్టలో చుట్టి దేవుడి గూట్లో ఉండేది. అత్తగారికి ఆ పుస్తకంతో ఉన్న సంబంధమల్లా పండక్కి దులిపి, బొట్టు పెట్టడమే. 1975లో మామగారు రాజమండ్రిలో రికార్డు ప్లేయరూ, ఈ ఎల్.పి.యూ కొని, గోకవరం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. ఆ సాయంత్రం నుంచి అత్తగారికి గీత అంటే ఏమిటో తెలిసింది. వత్తులు చేసుకుంటూ, బియ్యంలో రాళ్ళేరుకుంటూ విని విని, ఇవాళ ఒక శ్లోకం మొదలుపెడితే దాని అర్థం గడగడా అప్పజెప్పేస్తారు. పారాయణ గొప్పదే. కానీ పారాయణ చేసే అర్హత, తీరికా ఎవరికి ఉండేవి? మగవాళ్ళకి. వంటింట్లోకి గీత వచ్చింది ఈ రాగాల మీద ఎక్కే.

సినిమా అభిమానుల నేరం వేరు. గొంతు అలిసిపోయింది, ‘పాతాళభైరవి’నాటి ఒంపు లేదు, ‘మాయాబజార్’నాటి ఊపు లేదు అంటారు. కొందరు ఇంకో మాట కూడా అంటారు. కళ్ళు మూసుకుంటే కృష్ణుడు కాదు, కిరీటం పెట్టుకున్న ఎన్.టి. రామారావుగారు కనిపిస్తున్నారని! నవ్వకండి, మొదట్లో నాకూ అలాగే కనిపించేవారు.

ఈ వారం శ్రద్ధగా మళ్ళీ విన్నాను. ఒకటి గమనించాను. సినిమాలో పౌరాణిక పద్యం పాడేటప్పుడు ఆయన పాత్రలోకి దూరిపోతారు. రోషముంటే రోషం, ఏడుపుంటే ఏడుపు. చివర రాగం తీస్తే హాల్లో ఈలలు పడవలసిందే. ఇక్కడ ఆ రాగం తియ్యలేదు. తీయగలిగిన మనిషి తియ్యలేదు, అదీ విశేషం. శ్లోకంలో మాట ఎంత పొడుగో పాటా అంతే పొడుగు. సంగతుల మీద సంగతులు లేవు. సమాసాన్ని ఎక్కడ విరిస్తే అర్థం తెలుస్తుందో అక్కడే విరిచారు, ఊపిరి కూడా అక్కడే తీసుకున్నారు. కృష్ణుడి మాటకీ అర్జునుడి మాటకీ గొంతు పెద్దగా మార్చలేదు. ఆయన కృష్ణుడి వేషం కట్టలేదు, కృష్ణుడు ఇలా అన్నాడమ్మా అని మనకి చెబుతున్నారు. ఇది పురాణం చెప్పే పెద్దాయన పద్ధతి. అది తెలిశాక నా కళ్ళముందునుంచి ఆ కిరీటం తొలగిపోయింది.

గొంతు అలిసిన మాట నిజం. పైకి వెళ్ళినప్పుడు జాగ్రత్తగా మెట్టు మెట్టూ చూసుకుని ఎక్కుతున్నట్టుంటుంది. మా కొండ మెట్లు పాతికేళ్ళ వయసులో ఎక్కడం వేరు, యాభై దాటాక ఎక్కడం వేరు. కానీ ఈ మాటలకి ఆ జాగ్రత్తే అందం. కోరికలు వదులుకో, ఫలితం మీద ఆశ పెట్టుకోకు అని ఇరవయ్యేళ్ళ గొంతు పాడితే ఎవరు నమ్ముతారు? జబ్బుపడి లేచిన మనిషి పాడితే నమ్మాలనిపిస్తుంది.

ఇక తాత్పర్యం. శ్లోకం అయిపోగానే ఆయన మామూలుగా మాట్లాడతారు. అన్ని వేల పాటలు విన్నాం గాని ఘంటసాల మాట్లాడగా ఎంతమందిమి విన్నాం? పాట వెనక మనిషి దొరికింది ఇక్కడే. ఆ వచనం మాత్రం నికరమైన గ్రాంథికం. మా అమ్మాయి, “శ్లోకానికి అర్థం ఇది, ఈ అర్థానికి అర్థం ఎవరు చెబుతారమ్మా?” అంటుంది. దాని బాధ దానిది. కాస్త వాడుక మాటల్లో చెప్పి ఉంటే ఈ తరానికి ఇంకా దగ్గరయ్యేది. వెనక వాద్యాలూ అంతే. చాలాచోట్ల అణిగిమణిగి ఉంటాయి, కొన్నిచోట్ల సినిమా అలవాటు చొప్పున తలెత్తుతాయి. ఇవి లోపాలే. దాచడం ఎందుకు?

మూడో నేరం దగ్గర నేను కాస్త తడబడక తప్పదు. ఎందుకంటే ఆ నేరంలో నాకూ వాటా ఉంది.

1996లో మామగారు పోయారు. ఇల్లంతా గొల్లుమంటోంది. ఎవరికీ ఏమీ తోచడం లేదు. పెద్దకోడలిని, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మైకుసెట్టు కుర్రాడిని పిలిపించి, ఆ గీత క్యాసెట్టు పెట్టించింది నేనే. పాతబట్టలు విడిచి కొత్తబట్టలు కట్టుకున్నట్టు అన్న శ్లోకం వచ్చినప్పుడు మా ఆడపడుచు ఏడుపు ఆపి తలెత్తి విన్నది నేను చూశాను. ఆ రెండు నిమిషాలు ఆ ఇంటికి పెద్ద దిక్కులా ఉంది ఆ గొంతు. అందుకని, చావింట్లో గీత పెట్టేవాళ్ళంతా మూర్ఖులని నేను అనలేను. సినిమా పాట పెట్టలేం, డప్పొకటే చాలదు, మనకి అర్థమయ్యే భాషలో ధైర్యం చెప్పే గొంతు ఒకటి కావాలి. క్యాసెట్టు చవక, మధ్యమధ్య మార్చే పని లేదు. అలా ఆ రోజుల్లో ఊరూరా అదే దారిన పోయింది. తరవాత వైకుంఠ రథాలు వచ్చి ఆ అలవాటుకి చక్రాలు కట్టాయి. ఇప్పుడు మా వీధిలోంచి ఆ బండి గోదావరి వైపు పోతుంటే అరమైలు ముందునుంచే తెలిసిపోతుంది. ఈమధ్య కొందరు పెద్దలు బండిమీద గీత పెట్టకండని చెబుతున్నారు. నిషేధాలతో ఇది తీరుతుందనుకోను. పోయినప్పుడు పెట్టడం తప్పు కాదు. పోయినప్పుడు మాత్రమే పెట్టడం తప్పు.

ఆ తప్పే మా ఇంట్లో జరిగింది. మామగారి పన్నెండో రోజు అయ్యాక ఆ ఎల్.పి.నీ, క్యాసెట్టునీ అటకెక్కించాను. అత్తగారికి బాధ కలుగుతుందనే అనుకున్నాను. ఆవిడ అడగలేదు, నేను అడగలేదు. పాతికేళ్ళు దాటిపోయాయి. మూడునెలల క్రితం ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రాత్రి, “అమ్మాయ్, మీ మామగారు తెచ్చిన ఆ పాట ఉందా, పారేశారా?” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. “మీకు బాధగా ఉంటుందని తీసేశానండీ” అన్నాను. “ఆయన పోతే బాధ గాని, పాటేం చేసిందే? ఆయన పోయాక నాకు మిగిలిన ఒక్క కాలక్షేపం అదే. నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను” అన్నారు.

అలా ఒకరి మనసు ఒకరం కనిపెడుతున్నామనుకుంటూ ఒక మనిషికి ప్రాణమైన రికార్డుని అటకమీద పెట్టేశాం. శకునం పేరుతో మన ఇళ్ళల్లో ఇలాంటివి ఎన్ని అటకెక్కాయో!

ఇంతకీ ఆ రికార్డులో చావు మాట ఎంత? కూర్చుని విన్నాను కనుక చెబుతున్నాను. గాలి లేనిచోట దీపం కదలకుండా ఉన్నట్టు మనసుని నిలుపుకోవడం ఉంది. ఆకో, పువ్వో, కాసిని నీళ్ళో ప్రేమతో ఇస్తే చాలునన్న స్వామి ఉన్నాడు. అన్నంవల్ల ప్రాణులు పుడుతున్నాయన్న మాట ఉంది. మనం తిన్న అన్నాన్ని కడుపులో అగ్నిగా ఉండి అరిగించేదీ తానేనన్న మాట ఉంది. రోజుకి మూడుపూటలా వండి వడ్డించేవాళ్ళం, ఆ మాట మనకి కాక ఎవరికండీ? ఫలితం నీ చేతిలో లేదు, పని నీ చేతిలో ఉందన్న మాట పిల్లల పరీక్షల ముందు ప్రతి తల్లీ చెవిలో వేసుకోవలసింది. చిట్టచివర అర్జునుడు చచ్చిపోడు. నా సందేహం తీరింది, నువ్వు చెప్పినట్టు చేస్తానని లేచి నిలబడతాడు. కృష్ణార్జునుల సంభాషణకి అదీ ముగింపు. చావుతో కాదు, పనిలోకి దిగడంతో ముగిసే పాటని పాడెమీద కట్టేశాం మనం.

కాబట్టి నా తీర్పు ఇది. ఘంటసాలగారి అన్నిటికన్నా గొప్ప పాట ఇదేనా అంటే, కాదంటాను. ‘మాయాబజార్’ని ఇచ్చుకుని దీన్ని తెచ్చుకోను. ఎంపికలో తొందర ఉంది, వచనంలో బిగువు ఎక్కువైంది. కానీ నిబ్బరం మాత్రం ఆయన మరెక్కడా ఇంత పాడలేదు. దాన్ని అనుభవించాలంటే ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్న రోజున, పొద్దున్నపూట, చేతిలో ఏదో పని పెట్టుకుని వినాలి.

ఈ మాటలన్నీ మావారికి చెప్పాను. సగం విని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు లోపలినుంచి అత్తగారే పిలిచారు.

“ఒరేయ్, నేను పోయినరోజున నీ ఇష్టం, సుప్రభాతమే పెట్టుకో. నాకెలాగూ వినపడదు. ఇప్పుడు వినపడుతోంది, ఇది పెట్టు” అన్నారు.

ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉండగా గీత మొదలైంది. తొంగి చూద్దును కదా, ఫోను నొక్కింది ఆయనే. తల్లి కాళ్ళదగ్గర కూర్చుని, ఆ విరిగిన పక్కన దిండు సర్దుతున్నారు.

పక్కింటి పిన్నిగారు కూడా ఇప్పుడు రోజూ ఆరున్నరకి వచ్చి కూర్చుంటున్నారు. కాఫీ మాత్రం మాది.